పెట్రోల్ వాసన వస్తోందా? ఇంకో చుట్టు బిగించకండి

ఈసారి ‘మీ బండి, మీ ప్రశ్న’కు చెన్నై నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెట్రోల్ వాసన, డీజిల్ చెమ్మ, ఊరికే తిరిగే బోల్టులు, వీటి గురించే. అందుకని ఏసీలు, బ్యాటరీల ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేసి, ఈ నెల పేజీలన్నీ ఫ్యూయల్ లైను బిగింపులకే ఇస్తున్నాను.

ప్రశ్న: నాది 2013 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పికప్ తగ్గిందని వీడియోలు చూసి ఇంజెక్టర్లు (పెట్రోల్ చిమ్మే భాగాలు) నేనే ఊడదీసి, క్లీన్ చేయించి మళ్లీ పెట్టాను. స్టార్ట్ అయింది, బాగానే నడిచింది, కానీ పెట్రోల్ వాసన. బానెట్ ఎత్తి చూస్తే రెండో ఇంజెక్టర్ పైన తడి. ఫ్యూయల్ రైల్ (ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టం) బోల్టు వదులుగా ఉందేమో అని రాట్చెట్‌తో బలంగా బిగించాను. వాసన పోలేదు సరికదా, ఆ బోల్టు ఇప్పుడు బిగుసుకోకుండా ఊరికే తిరుగుతోంది. ఇంకాస్త పొడవు బోల్టు వేస్తే పట్టుకుంటుందా? రోజూ ఆఫీసుకు ఈ కారే దిక్కు.
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: ముందు ఆ కారును రేపు ఆఫీసుకు తీయకండి. వర్క్‌షాపుకు కూడా నడుపుకుంటూ వద్దు, టోయింగ్ బండి పిలిపించుకోండి. పెట్రోల్ మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది, ఇక చెన్నై ఎండలో వేడెక్కిన ఇంజన్ పక్కన సంగతి మీరే ఊహించుకోండి. పైగా ఆ ఆవిరి గాలి కన్నా బరువు, పైకి పోదు, నేల మీదే పాకి పల్లం వెతుక్కుంటుంది. కారు అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఉంటే ఈరోజే ఇంజన్ స్టార్ట్ చేయకుండా నలుగురు కలిసి ఆరుబయటికి తోయండి.

ఇక అసలు విషయానికి వస్తే, మీరు బిగించిన బోల్టుకూ ఆ లీకుకూ సంబంధం చాలా తక్కువ. ఫ్యూయల్ రైల్‌కు కాళ్లలాంటి బ్రాకెట్లు ఉంటాయి, అవి మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల భాగం) మీద ఉన్న దిమ్మెలపై కూర్చుంటాయి. బోల్టు పని ఆ కాలును దిమ్మెకు ఆనించి కదలకుండా పట్టుకోవడం, అంతవరకే. ఇంజెక్టర్ తల రైల్ కప్పులోకి దూరే చోట పెట్రోల్‌ను ఆపేది ఓరింగ్ అనే రబ్బరు ఉంగరం. అది పక్కలకు నొక్కుకుని ఉంటుంది, ఇంజెక్టర్ మీది గాడికీ కప్పు గోడకీ మధ్య. ఆ నొక్కుడు ఎంతుండాలో గాడి లోతు, కప్పు వ్యాసం ముందే నిర్ణయించేశాయి. కాలు దిమ్మె మీద కూర్చున్నాక మీరు ఇంకో అర చుట్టు తిప్పినా, ఒళ్లు బరువంతా వేసి తిప్పినా, ఓరింగ్ మీద ఒక్క వెంట్రుకవాసి నొక్కుడు కూడా పెరగదు. వాషర్ పోయిన కుళాయిని పళ్లు బిగించి తిప్పితే చుక్క ఆగదు, మర పోతుంది, ఇక్కడ జరిగిందీ అదే.

మీ ఓరింగ్ పాతదే తిరిగి వేసి ఉంటారని, లేదా కొత్తది వేసినా నూనె చుక్క రాయకుండా పొడిగా తోయడంతో అంచు తెగిందని నా అనుమానం. ఊడదీశాక ఎండలో పట్టుకుని చూడండి, చంద్రవంకలా చిన్న కోత గానీ, ఒకవైపు చదునుగా అణిగిపోయిన మచ్చ గానీ కనబడుతుంది. గోరుతో నెమ్మదిగా చుట్టూ రాస్తే కంటికి కనబడని కోత కూడా గోటికి తగులుతుంది. ఒక్కదానికే తెగినా నాలుగు ఇంజెక్టర్లకూ మార్చేయండి. ఒక్కోదానికి పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. పైది పెట్రోల్‌ను ఆపేది, కిందది మానిఫోల్డ్‌లోకి దొంగగాలి రాకుండా చూసేది. రెండూ ఒకేలా కనబడినా చాలా కార్లలో సైజో రంగో వేరుగా ఉంటుంది, తారుమారు చేయకండి. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో గానీ పుదుపేటలో గానీ కొంటే డబ్బాలోంచి కంటితో కొలిచి ఇచ్చేవి తీసుకోకండి, పార్ట్ నంబరు చెప్పి అడగండి. మామూలు రబ్బరు ఓరింగ్ నెల రోజులు బాగానే ఉన్నట్టు కనబడి తర్వాత ఉబ్బుతుంది.

ఊడదీసే ముందు లైన్లో ప్రెషర్ దించాలి. మామూలు ఎంపీఎఫ్‌ఐ (సిలిండర్‌కో ఇంజెక్టర్ ఉండి, మానిఫోల్డ్‌లోకి పెట్రోల్ చిమ్మే రకం) పెట్రోల్ కార్లలో రైల్ ప్రెషర్ 3 నుంచి 4 బార్ దాకా ఉంటుంది, మీ టైర్లో గాలి 2.2 బార్ దగ్గర, అంటే టైరు కన్నా ఎక్కువ. సాధారణంగా ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకి, ఇంజన్ దానంతట అది ఆగిపోయే దాకా నడపమంటాం. కానీ మీ కారు ఇప్పటికే కారుతోంది కాబట్టి మీకు ఆ పద్ధతి వద్దు. ఫ్యూజు తీసేయండి, పెట్రోల్ మూత ఒకసారి తెరిచి మూయండి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి, ఇంజన్ పూర్తిగా చల్లారాక, లైను కలిసే చోట దళసరి గుడ్డ చుట్టి నెమ్మదిగా వదులు చేయండి. కళ్లద్దాలు పెట్టుకోండి. తడిసిన గుడ్డను డిక్కీలోనో బాల్కనీలోనో పడేయకుండా ఆరుబయట పరిచి ఆరనివ్వండి.

తిరిగి పెట్టేటప్పుడు ఓరింగ్‌కు శుభ్రమైన ఇంజన్ ఆయిల్ ఒక చుక్క రాసి, ఇంజెక్టర్‌ను కొంచెం కొంచెంగా తిప్పుతూ లోపలికి నొక్కండి. రైల్ కూర్చోబెట్టాక బోల్టులు బిగించకముందే ప్రతి ఇంజెక్టర్‌నూ వేళ్లతో అటూ ఇటూ తిప్పి చూడండి. నున్నగా తిరిగితే ఓరింగ్ సరిగ్గా కూర్చున్నట్టు, పట్టుకున్నట్టు బిర్రుగా ఉంటే లోపల మడత పడినట్టు, విప్పి మళ్లీ చేయాల్సిందే. చాలామంది వదిలేసే పని ఇదే, లీకుల్లో చాలావరకు పట్టిచ్చేదీ ఇదే.

తర్వాత బోల్టులన్నీ చేత్తో, పానా లేకుండా, రెండు మూడు మరలు ఎక్కించండి. చేత్తో ఎక్కని బోల్టు పానాతో ఎక్కిందంటే మర అడ్డంగా కోసుకున్నట్టే లెక్క. అన్నీ ఎక్కాక ఇటొకటి అటొకటి మార్చుకుంటూ ముందు సగం టార్క్‌కు (టార్క్ అంటే తిప్పే బలం), ఆపైన పూర్తి టార్క్‌కు తేవాలి. ఒకవైపు పూర్తిగా బిగించి రెండోవైపుకు వెళితే రైల్ ఏటవాలుగా దిగి ఇంజెక్టర్లను పక్కకు వంచుతుంది, కొత్త ఓరింగ్ కూడా అక్కడే నలుగుతుంది. ఎంత టార్క్ అనేది మీ కారు సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది, అదే చివరి మాట. అంచనాకు మాత్రం చెబుతున్నాను. పది నంబరు పానా పట్టే ఎం6 బోల్టు అయితే 10 న్యూటన్ మీటర్ల దగ్గర, పన్నెండో పదమూడో నంబరు పట్టే ఎం8 అయితే 20 నుంచి 25 మధ్య ఉండటం మామూలు. అంతకు మించి చాలా పెద్ద అంకె కనబడితే వేరే బోల్టు పేజీ చూస్తున్నారేమో సరిచూసుకోండి.

పొడవు బోల్టు సంగతి. వద్దు. రంధ్రం అడుగు తగిలితే తల బిగుసుకున్నట్టు అనిపిస్తుంది గానీ కాలు దిమ్మెకు ఆనదు, ఇంకా తిప్పితే దిమ్మె పగులుతుంది. మానిఫోల్డ్ అల్యూమినియం అయితే హెలికాయిల్ వేయించండి. పాత మరను తొలిచి, ట్యాప్‌తో కొత్త మర కోసి, లోపల ఉక్కు చుట్ట ఎక్కిస్తారు. సరిగ్గా వేస్తే అసలు మర కన్నా గట్టిగా ఉంటుంది. అయితే రైల్ పూర్తిగా తీసి, పెట్రోల్ ఆవిరి పోయాకే డ్రిల్లు పెట్టాలి, ఇంజెక్టర్ రంధ్రాలు మూసి ఉంచాలి, లేకపోతే పొడి తిన్నగా సిలిండర్లోకి పోతుంది. మానిఫోల్డ్ ప్లాస్టిక్‌ది అయి, అందులో అమర్చిన ఇత్తడి బుష్ తిరుగుతున్నట్టయితే జిగురు పెట్టి అతికించడం లాంటివి వద్దు, మానిఫోల్డ్ మార్చడమే మేలు. సెకండ్ హ్యాండ్ మానిఫోల్డ్ మంచి స్థితిలో దొరికితే వాడుకోవచ్చు, ఓరింగులు మాత్రం కొత్తవే.

ప్రశ్న: ఫ్యూయల్ ఫిల్టర్ దగ్గర చెమ్మ ఆపడానికి మరకు టెఫ్లాన్ టేపు చుట్టమని ఒకరు, సిలికాన్ పేస్టు రాయమని ఇంకొకరు చెప్పారు. ఏది మంచిది?
– కొడంబాక్కం

జవాబు: రెండూ వద్దు. కారు ఫ్యూయల్ లైన్లో లీకును ఆపేది మర కాదు కాబట్టి మరకు టేపు చుట్టి లాభం లేదు, టేపు ముక్క ఊడి లైన్లో పడితే ఇంజెక్టర్ మూతి దాకా పోతుంది. మామూలు సిలికాన్ పేస్టు పెట్రోల్‌కు తట్టుకోదు, మెత్తబడి జారిపోతుంది. మీ ఫిల్టర్‌కు బోలుగా ఉండే బాంజో బోల్టు ఉంటే దానికి ఇరుపక్కలా ఉండే రాగి వాషర్లు రెండూ కొత్తవి వేయండి. ఇక్కడ మాత్రం బోల్టు బిగింపే వాషర్‌ను నలిపి సీలు చేస్తుంది, కానీ ఒకసారి నలిగిన రాగి గట్టిపడిపోతుంది, రెండోసారి అంత బాగా నలగదు. పాత వాషర్‌తో చెమ్మ ఆపాలని బలం పెడితే బాంజో బోల్టు పక్క రంధ్రం దగ్గర తెగుతుంది, లోపల బోలే కదా. ప్లాస్టిక్ క్లిప్పు రకం అయితే టక్ అనే దాకా తోసి, తర్వాత వెనక్కి లాగి చూడండి, రాకూడదు.

ప్రశ్న: అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక అసెంబ్లీ లైన్లో పని చేస్తాను. అక్కడ టార్క్ అంతా కేజీఎఫ్ (కిలోల బలం) సెంటీమీటర్లలో చెబుతారు. నా కారు మాన్యువల్లో న్యూటన్ మీటర్లు. చక్రాల నట్ల కోసం కొన్న అర అంగుళం టార్క్ రెంచ్ ఉంది, 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల దాకా. ఫ్యూయల్ రైల్‌కు అదే వాడొచ్చా? మరకు నూనె రాయాలా వద్దా? ఇంకో సందేహం, అసలు చేతి లెక్కతో బిగిస్తే ఏమవుతుంది, మా ఏరియా మెకానిక్‌లు అందరూ అలాగే చేస్తారు.

జవాబు: లెక్క తేలిక. 10 న్యూటన్ మీటర్లంటే సుమారు 102 కేజీఎఫ్ సెంటీమీటర్లు. జాగ్రత్త పడాల్సింది కేజీఎఫ్ మీటర్ల దగ్గర. కొన్ని పాత మాన్యువల్స్‌లో 1.0 అని ఉంటుంది, అది కేజీఎఫ్ మీటరు, అంటే మళ్లీ దాదాపు 10 న్యూటన్ మీటర్లే. యూనిట్ చూడకుండా అంకె మాత్రమే చూస్తే పది రెట్లు తేడా వస్తుంది.

మీ అర అంగుళం రెంచ్ వద్దు. దాని స్కేలు 28 దగ్గర మొదలవుతుంది, 10 దాని మీద లేనే లేదు. అంకె స్కేలు మీద ఉన్నా సరే, మరీ అడుగు భాగంలో క్లిక్ రెంచ్‌ను (పెట్టిన టార్క్ రాగానే క్లిక్‌మనే రెంచ్) నమ్మలేం, మొత్తం సామర్థ్యంలో ఐదో వంతు కన్నా కింద వాడకూడదు. ఫ్యూయల్ పనికి పావు అంగుళం డ్రైవ్ (సాకెట్ ఎక్కే చదరపు మొన), 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల రెంచ్ ఒకటి విడిగా కొనండి. ఒక్క మానిఫోల్డ్ ఖర్చుతో పోలిస్తే అది ఎక్కువేమీ కాదు.

చేతి లెక్క గురించి మీరు అడిగింది మంచి ప్రశ్న. పది నంబరు పానా చిన్నది, సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. దాని చివర పట్టుకుని 10 న్యూటన్ మీటర్లు తేవాలంటే 8 కిలోల బలం పెట్టాలి. అదే బోల్టుకు 45 సెంటీమీటర్ల రాడ్డు తగిలిస్తే రెండు కిలోల పైచిలుకు చాలు, అంటే రెండు వేళ్లు. చేతికి తెలిసేది బలం, టార్క్ కాదు. రోజంతా ఒకే పానాతో ఒకే బోల్టు బిగించేవాళ్ల చెయ్యి నిజంగానే దగ్గరగా వస్తుంది, వాళ్ల అనుభవాన్ని నేను తక్కువ చేయను. కానీ పానా మారినా, పిడి పొడవు మారినా, ఇరుకులో మణికట్టు వంకర తిరిగినా ఆ లెక్క తప్పుతుంది, బానెట్ కింద ఇరుకు లేని చోటెక్కడ.

నూనె సంగతి ఇంకా ముఖ్యం. మీరు పెట్టే టార్క్‌లో సుమారు తొంభై శాతం మర దగ్గర, తల కింద రాపిడికే పోతుంది, బోల్టును సాగదీసి భాగాల్ని కలిపి పట్టేది మిగతా పది శాతమే. అందుకే నూనె రాస్తే రాపిడి తగ్గి, అదే 10 దగ్గర క్లిక్ అన్నా లోపల బోల్టు చాలా ఎక్కువ సాగుతుంది. మాన్యువల్ నూనె రాయమని చెబితే తప్ప మర పొడిగా, శుభ్రంగా ఉండాలి. తుప్పు, ఇసుక, పాత మరజిగురు ఉంటే దానికి వ్యతిరేకంగా, క్లిక్ వస్తుంది గానీ బోల్టు బిగిసి ఉండదు. బ్రష్షుతో శుభ్రం చేసి, తల కింద కూడా తుడవండి, తల కింది మురికిని అందరూ మర్చిపోతారు.

వాడే తీరు మీ లైన్లో నేర్పే ఉంటారు. పిడి మధ్యలో పట్టుకుని ఒకే ఊపులో, నెమ్మదిగా లాగండి. మొదటి క్లిక్‌తో ఆపేయండి. నమ్మకం కుదరక రెండోసారి, మూడోసారి క్లిక్ కొట్టిన ప్రతిసారీ బోల్టు కాస్త ముందుకు జరుగుతూనే ఉంటుంది. ఇంకో మోసం ఉంది. అప్పటికే అతిగా బిగించి ఉన్న బోల్టు మీద రెంచ్ పెడితే అది వెంటనే క్లిక్ అంటుంది, సరిగ్గా ఉందనుకుంటాం. క్లిక్ చెప్పేది కనీసం ఇంత ఉందని మాత్రమే. అనుమానం ఉంటే అర చుట్టు వదులు చేసి మళ్లీ బిగించాలి. వదులు చేయడానికి మాత్రం మామూలు రాట్చెట్ వాడండి. పని అయ్యాక స్కేలును కనీస అంకెకు తిప్పి పెట్టండి, అంతకన్నా కిందికి వద్దు. ఏడాదికోసారి, లేదా 5000 సార్లు వాడాక, ఏది ముందైతే అప్పుడు కాలిబ్రేషన్ చేయించాలి. మీరు పని చేసే అంబత్తూరు, గిండీ వైపు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులను పరీక్షించి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబులు చూసుకోండి, మీ కంపెనీ క్వాలిటీ విభాగం వాళ్లను అడిగితే దారి చెబుతారు.

ప్రశ్న: డీజిల్ ట్యాక్సీ నడుపుతాను. ఒక సిలిండర్ మిస్ అవుతోందని షెడ్డుకు తీసుకెళితే, మెకానిక్ ఇంజన్ ఆన్‌లో పెట్టి ఇంజెక్టర్ పైపు నట్లు ఒక్కొక్కటీ వదులు చేసి చూద్దామన్నాడు. మా నాన్నగారి పాత వ్యాను అలాగే చూసేవాళ్లు. నాది 2017 మోడల్. చేయనివ్వొచ్చా?
– ఆవడి

జవాబు: చేయనివ్వకండి. ఈ ఒక్క జవాబు మాత్రం దయచేసి మీ స్టాండులో అందరికీ చదివి వినిపించండి.

మీ నాన్నగారి వ్యానులో ప్రతి సిలిండర్‌కూ పంపు నుంచి విడివిడి పైపు, సూది తెరుచుకునే క్షణంలోనే ప్రెషర్. నట్టు కొంచెం వదిలితే డీజిల్ చిమ్మి, ఇంజన్ శబ్దం మారితే ఆ సిలిండర్ బాగున్నట్టు. అప్పట్లో కూడా అది ప్రమాదమే, కానీ నడిచిపోయింది. మీది కామన్ రైల్, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ వెళ్లే రకం. అందులో రైల్ ప్రెషర్ ఇంజన్ తిరిగినంతసేపూ ఉంటూనే ఉంటుంది, గరిష్ఠంగా 1600 బార్, కొన్నింట్లో 2000 దాకా పోతుంది. అంత ఒత్తిడితో వచ్చే డీజిల్ ధార సూది కన్నా సన్నం, చాలాసార్లు కంటికి కనబడదు, గ్లౌజునూ చర్మాన్నీ కోసుకుంటూ లోపలికి పోతుంది. బయట చూస్తే చీమ కుట్టినంత రంధ్రం, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు, లోపల మాత్రం డీజిల్ కండరాల పొరల వెంట పాకుతూ ఉంటుంది. ఆలస్యం చేస్తే వేలో చెయ్యో తీసేయాల్సి వస్తుంది. ఎవరికైనా ఇలా జరిగితే పసుపు పెట్టి కట్టు కట్టి ఇంటికి పంపకండి, వెంటనే ఆపరేషన్ చేయగల పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ‘ప్రెషర్ డీజిల్ చర్మంలోకి పోయింది’ అని ఆ మాటతోనే చెప్పండి. చెన్నైలో స్టాన్లీ ప్రభుత్వాసుపత్రికి చేతి శస్త్రచికిత్సలో దశాబ్దాల పేరుంది.

మిస్ అయ్యే సిలిండర్‌ను స్కానర్‌తో పట్టుకోవచ్చు, ఇంజెక్టర్ రిటర్న్ పరీక్ష (ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కి వచ్చే డీజిల్ కొలవడం) కూడా ఉంది, నట్టు వదలాల్సిన పనే లేదు. పైపు తీయాల్సి వస్తే ఇంజన్ ఆపి, మాన్యువల్ చెప్పినంత సేపు ఆగి, ప్రెషర్ పడిందని స్కానర్‌లో చూసుకున్నాకే పానా పెట్టాలి.

బిగింపు విషయానికి వస్తే ఆ పైపు చివర ఓరింగూ ఉండదు, వాషరూ ఉండదు. ఉక్కు గుండ్రటి మూతి ఉక్కు గుంటలో నలిగి కూర్చుంటుంది. మొదటిసారి బిగించినప్పుడే రెండు లోహాలు ఒకదానికొకటి అచ్చు పడతాయి. అందుకే చాలా కంపెనీలు ఆ పైపును ఒకసారి తీస్తే కొత్తది వేయమంటాయి, మెకానిక్ అలా చెబితే డబ్బు గుంజుతున్నాడని అనుకోకండి. రెండు చివర్లూ చేత్తో ఎక్కించి, పైపు తనంతట తాను సూటిగా కూర్చున్నాకే బిగించాలి. వంకరగా ఉన్న పైపును నట్టు బలంతో లాగి కూర్చోబెడితే ఆరు నెలల్లో అక్కడే పగులుతుంది. సాకెట్ పట్టదు కాబట్టి టార్క్ రెంచ్‌కు చీలిక పానా ముక్క తగిలిస్తారు. అది రెంచ్‌కు అడ్డంగా, తొంభై డిగ్రీల్లో ఉంటే లెక్క మారదు. నిలువుగా ముందుకు చాచి ఉంటే మారుతుంది. 30 సెంటీమీటర్ల రెంచ్‌కు 5 సెంటీమీటర్ల ముక్క నిలువుగా తగిలించి 30 న్యూటన్ మీటర్లు కావాలంటే స్కేలును 25.7 దగ్గర పెట్టాలి. ఇక పైపు తీసిన క్షణమే రెండు వైపులా మూతలు పెట్టాలి, చెన్నై దుమ్ములో ఒక్క రేణువు చాలు ఇంజెక్టర్ పాడవడానికి.

ప్రశ్న: ట్యాంకు ఫుల్ చేయించినప్పుడే వెనక సీటు దగ్గర పెట్రోల్ వాసన, సగానికి వస్తే పోతుంది. పాత కారు, సముద్రం పక్కన ఇల్లు, కింద బోల్టులన్నీ తుప్పు. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వల్లనా?
– తిరువాన్మియూరు

జవాబు: ఫుల్ చేసినప్పుడే వాసన అంటే ముందు చూడాల్సింది ఫ్యూయల్ పంపు మూత. చాలా కార్లలో వెనక సీటు ఎత్తితే చిన్న రేకు మూత, దాని కింద ట్యాంకు పైభాగం కనబడతాయి. పంపును పట్టుకునేది పెద్ద ప్లాస్టిక్ రింగో, చుట్టూ చిన్న బోల్టులో. కింద ఉండే గ్యాస్కెట్ పాతబడితే పెట్రోల్ మట్టం పైకి వచ్చినప్పుడు ఊరుతుంది. ఆ రింగును స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టి తిప్పడం చాలా చోట్ల చూస్తాం. ఉక్కు మీద ఉక్కు, కింద ఫుల్ ట్యాంకు, వద్దు. రింగుకు తగిన టూల్ వాడాలి, ట్యాంకు పావు వంతుకు వచ్చాకే తెరవాలి, కిటికీలూ తలుపులూ తీసి పెట్టాలి. పాత గ్యాస్కెట్ పెట్రోల్‌కు ఉబ్బి మళ్లీ గాడిలో కూర్చోదు, కొత్తది ముందే కొని పెట్టుకోండి. మూత మీది బాణం గుర్తు ట్యాంకు మీది గుర్తుకు ఎదురుగా రావాలి. బోల్టుల రకం అయితే ఎదురెదురుగా మార్చుకుంటూ బిగించాలి, చుట్టూ వరసగా వెళితే మూత ఒకవైపు లేస్తుంది.

ఈ20 మీద తప్పంతా వేయలేం, కానీ సంబంధం లేదనీ అనలేం. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన కార్ల భాగాలు దానికి తగినట్టు చేసినవి. అంతకు ముందు వాటిలో కొన్ని పాత బండ్లకు ఈ20తో 20,000 నుంచి 30,000 కిలోమీటర్లు నడిచాక కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే 2025లో చెప్పింది. మార్చేటప్పుడు ఈ20కి పనికొచ్చేదే అడగండి.

కింద ట్యాంకు పట్టీల బోల్టులు తుప్పు పట్టి ఉంటే గ్యాస్ మంటతో వేడి చేయడం, గ్రైండర్ పెట్టడం ఎవరినీ చేయనివ్వకండి. తుప్పు వదిలించే నూనె ముందు రోజు రాత్రే కొట్టి, పొద్దున మళ్లీ కొట్టి, బోల్టును విప్పే వైపు కొంచెం, బిగించే వైపు కొంచెం ఆడిస్తూ తీయాలి. తీశాక అవే తిరిగి వేయొద్దు.

ప్రశ్న: సీఎన్‌జీ కిట్ నట్టు దగ్గర సన్నగా సుయ్‌మని శబ్దం. ఒక చుట్టు బిగిస్తే సరిపోతుందా?

జవాబు: ముట్టుకోకండి. సిలిండర్ వాల్వు మూసేసి, కారు ఆరుబయట ఉంచి, ఆథరైజ్డ్ కిట్ సెంటర్‌కు ఫోన్ చేయండి. అందులో 200 బార్ ఉంటుంది, ప్రెషర్ ఉండగా ఏ నట్టునూ బిగించకూడదు. మీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి చేయాల్సిన హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) గడువు దాటిందేమో ప్లేటు మీద తేదీ కూడా చూసుకోండి.

ప్రశ్న: నేను ఓఎంఆర్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను, కారు పనులన్నీ నేనే చూసుకుంటాను. మా మెకానిక్ అన్న మంచివాడు, ఏళ్లుగా తెలుసు. ఈమధ్య ఫ్యూయల్ ఫిల్టర్, ఇంజెక్టర్ల పని చేయించాలి. టార్క్ రెంచ్ వాడమని అడిగితే ‘నీకేం తెలుసమ్మా’ అని నొచ్చుకుంటాడేమోనని మొహమాటం. పని అయ్యాక సరిగ్గా చేశారో లేదో నేనే ఎలా చూసుకోవాలి?
– షోళింగనల్లూరు

జవాబు: మొహమాటపడాల్సిన పని లేదమ్మా. అడిగే తీరు ఒకటుంది. పని మొదలవకముందే, పని మధ్యలో కాదు, ‘అన్నా, మాన్యువల్లో ఈ బోల్టుకు ఇంత అని ఉంది, నేను ప్రింట్ తెచ్చాను, దీని ప్రకారం చేద్దాం, కొంచెం టైమ్ ఎక్కువ పట్టినా పర్వాలేదు, లేబర్ అదనంగా తీసుకోండి’ అనండి. చాలామంది టార్క్ రెంచ్ వాడనిది రాక కాదు, ఆ సమయానికి ఎవరూ డబ్బు ఇవ్వరు కాబట్టి. ఆయన దగ్గర చిన్న రెంచ్ లేకపోతే మీరు కొని తీసుకెళ్లండి, మీదే కాబట్టి మీ దగ్గరే ఉంటుంది. ఓరింగులు, వాషర్లు కూడా మీరే పార్ట్ నంబరుతో కొని ఇవ్వండి, తీసేసిన పాతవి కవర్లో వేసి ఇవ్వమనండి. పాతవి చేతికి వచ్చాయంటే కొత్తవి లోపలికి వెళ్లినట్టే.

పని అయ్యాక వెంటనే స్టార్ట్ చేయనివ్వకండి. తాళం ఆన్ స్థానానికి మాత్రం తిప్పి మూడు సెకన్లు ఉంచి ఆఫ్ చేయండి, ఇలా రెండు మూడు సార్లు. పంపు చిన్నగా గుయ్‌మని ఆగుతుంది, ఇంజన్ తిరక్కుండానే లైన్లో ప్రెషర్ వస్తుంది. పుష్ బటన్ కారు అయితే బ్రేకు తొక్కకుండా బటన్ (చాలా కార్లలో రెండుసార్లు) నొక్కితే అదే పని జరుగుతుంది. కొన్ని కార్లలో పంపు అప్పుడు తిరగదు, అలాంటప్పుడు స్టార్ట్ చేసి వెంటనే ఆపి చూడాలి. ఇప్పుడు ఎల్‌ఈడీ టార్చ్‌తో, ఫిలమెంట్ బల్బు వైరు ల్యాంపుతో కాదు, ముట్టుకున్న ప్రతి జాయింటూ చూడండి. తెల్ల టిష్యూ పేపరును మడిచి ప్రతి ఇంజెక్టర్ తల చుట్టూ, ఫిల్టర్ జాయింట్ చుట్టూ ఆనించి తీయండి, కంటికి కనబడని చెమ్మ కూడా కాగితం మీద తెలుస్తుంది. పొడిగా వస్తే స్టార్ట్ చేసి కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆపేసి మళ్లీ చూడండి. ఈ టిష్యూ పరీక్ష పెట్రోల్ ఎంపీఎఫ్‌ఐ కారుకే. డీజిల్ కామన్ రైల్‌కు, డైరెక్ట్ ఇంజెక్షన్ (తిన్నగా సిలిండర్లోకి చిమ్మే) పెట్రోల్‌కు ఇంజన్ నడుస్తుండగా చెయ్యి దగ్గరికి పెట్టడం కూడా వద్దు, అట్ట ముక్కను కర్రకు కట్టి చూస్తారు, అదీ మెకానిక్‌తోనే చేయించండి.

ఆ రోజు ఒక ఇరవై కిలోమీటర్లు తిరిగాక వేడి మీద ఒకసారి వాసన చూడండి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు మళ్లీ చూడండి, గట్టిపడిన ఓరింగ్ చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ కారుతుంది. ఆ రాత్రికి మాత్రం కారును బేస్‌మెంట్‌లో కాకుండా పైన విజిటర్స్ పార్కింగ్‌లో పెట్టుకుంటానని వాచ్‌మెన్‌కు ముందే చెప్పి ఉంచండి.